మేలు పొందని సాక్షి

తాలూకా ఆఫీసులో హెడ్ గుమాస్తా మాలకొండయ్యకు తాగుడు లేదు, పేకాట లేదు, లంచం అసలే లేదు. ఉన్న ఒకే ఒక్క దురలవాటు ఆలోచించడం. వచ్చిన కాగితాన్ని వచ్చినట్టే పంపేసేవాడికి ఆఫీసులో ఏ కష్టమూ రాదు. ఇది ఎందుకొచ్చింది, ఇలాగే ఎందుకుండాలి అని అడిగేవాడికే వస్తుంది. పందొమ్మిది వందల అరవై మూడు భాద్రపదంలో మాలకొండయ్యకు వచ్చిన కష్టం అటువంటిదే. అది కూడా చేజేతులా తెచ్చుకున్నది.

ఏటా జనవరి ఇరవై ఆరుకి ఢిల్లీలో, దేశానికి మేలు చేసినవాళ్ళకు బిరుదులు ఇస్తారు కదా. ఆ బిరుదులకు తగిన మనుషులు మీ తాలూకాలో ఎవరైనా ఉంటే తెలపండి అని జిల్లా నుంచి ఒక కాగితం వచ్చేది. ఆ కాగితం తహసీల్దారు బల్ల మీద ఒక పూట, మాలకొండయ్య బల్ల మీద ఒక పూట కూర్చుని, సాయంత్రానికల్లా జవాబుతో తిరిగి వెళ్ళిపోయేది. జవాబులో ఉండే పేరు ఎప్పుడూ ఒక్కటే, మనుబోలు అవతల పల్లెలో ఉండే పద్మనాభయ్య గారిది. నూట ఇరవై ఎకరాల మాగాణి, రెండు కార్లు, ఏ ఆఫీసరు వచ్చినా ఆయన ఇంట్లోనే భోజనం.

అయిదేళ్ళుగా ఆయన్ని పొగుడుతూ రాసింది మాలకొండయ్యే. బడికి గోడగడియారం ఇచ్చినందుకు మొదటి ఏడు 'విద్యాదాత' అన్నాడు. తన పొలం పక్కన తనకోసం తవ్వించుకున్న బావిలో బాటసారులు కాళ్ళు కడుక్కోవచ్చునన్నందుకు రెండో ఏడు 'జలదాత' అన్నాడు. మూడో ఏడు 'నిరాడంబరుడు' అని రాశాక రెండో కారు గుర్తొచ్చి, కలం పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాడు. కింద పది మంది పెద్దల సంతకాలుండేవి. ఆ పది మందీ పద్మనాభయ్య గారి కౌలుదార్లే. ఢిల్లీ నుంచి ఒక్కసారీ జవాబు రాలేదు. అది చూసి మాలకొండయ్యకు ఢిల్లీ మీద గౌరవం పెరిగింది.

ఆ సంవత్సరం జిల్లాకు కొత్త కలెక్టరు వచ్చాడు. కుర్రవాడు. తాలూకాల వాళ్ళందరినీ నెల్లూరు పిలిపించి, ఈ బిరుదుల వ్యవహారం మన జిల్లాలోనైనా మార్చి చూద్దామన్నాడు. కుర్చీల్లో కూర్చుని పేర్లు రాయొద్దు, ఊళ్ళు తిరిగి జనాన్ని అడగండి, ఎవరి పేరు చెప్తే ఆ పేరే పంపండి అన్నాడు. ఎలా చేస్తే బాగుంటుందో మీరూ చెప్పండి అని అందరి మొహాలూ చూశాడు. అందరూ పైన తిరిగే ఫ్యాను వైపు చూశారు. మాలకొండయ్య మాత్రం లేచి నిలబడ్డాడు.

"ముగ్గురు సాక్షులుండాలి సార్. వాళ్ళు ఆ మనిషికి చుట్టాలు కాకూడదు. ఆ మనిషి వల్ల ఎప్పుడైనా ఏ మేలైనా పొందినోళ్ళు అసలే కాకూడదు."

కౌలుదార్ల సంతకాలు అయిదేళ్ళుగా గొంతులో ముల్లులా ఉండబట్టి వచ్చిన మాట అది. కలెక్టరు కలం ఆపి, పేరేమిటని అడిగి, ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. పది రోజులకు అచ్చయి వచ్చిన ఫారంలో అది ఆరో కాలమ్‌గా కూర్చుంది: 'సాక్షి సదరు వ్యక్తి వలన ఎన్నడైనా మేలు పొందినాడా? పొందినచో సాక్ష్యము చెల్లదు.' తన మాట అచ్చులో చూసుకుని మాలకొండయ్య ఆ ఫారాన్ని ఇంటికి తీసుకుపోయి భార్యకు చదివి వినిపించాడు.

ఇందిరమ్మ చారు గిన్నె కింద పెట్టి, మేలు పొందనోడు ఆ మనిషి మంచోడని ఎందుకు చెప్తాడని అడిగింది. పరిపాలన సంగతులు నీకు తెలియవులే అన్నాడు మాలకొండయ్య. ఆమె ఇంకేమీ అనకుండా చారు పోసింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె ఏమీ అనకుండా ఊరుకున్న ప్రతిసారీ ఏం జరిగిందో గుర్తు తెచ్చుకునుంటే అతనికి తర్వాతి శ్రమ తప్పేది.

తహసీల్దారు చెడ్డవాడు కాదు, ఓపిక లేనివాడు. పది రోజులు తిరగమన్నాడు. శనివారం మధ్యాహ్నానికి ముగ్గురు సాక్షులతో ఫారం తన బల్ల మీదికి వస్తే దాన్ని పంపుతానన్నాడు. రాకపోతే పద్మనాభయ్య గారి కాగితం టైపు చేయించి సొరుగులో ఉంచానని, ఆయన పేరు మీద కూడా సాక్షుల్ని ఎలాగో పుట్టిస్తారని చెప్పాడు. అంటే ఆరో ఏడు కూడా తనే పొగడాలి. 'విద్యాదాత' అయింది, 'జలదాత' అయింది, ఇంకే దాత మిగిలాడో మాలకొండయ్యకు తెలియలేదు. ఒక్కసారైనా, తను కల్పించనక్కరలేని పేరు తన చేతి మీదుగా వెళ్ళాలని అతనికి పట్టుదల కలిగింది.

వాకాడు బస్సెక్కాడు. ఎక్కింది మొదలు అడగడమే పని. దేశం మెచ్చుకోదగిన మనిషి మీ ఎరుకలో ఎవరున్నారు? ఇరవై ఏళ్ళుగా ఆ తాలూకాను సర్వే నంబర్లతో, శిస్తు బాకీలతో ఎరిగినవాడికి ఈ ఒక్క ప్రశ్నకే అది కొత్త తాలూకాగా కనిపించింది. బస్సులో ఒకామె ఆ బస్సు డ్రైవరు పేరే చెప్పింది. చంకలో బిడ్డతో పరిగెత్తుకొచ్చే ఆడమనిషి అద్దంలో కనపడితే ఎంత దూరం పోయినా ఆగుతాడట. బకింగ్‌హాం కాలువ మీద పడవ నడిపేవాడు పోస్టుమాన్ పేరు చెప్పాడు. చదువు రానివాళ్ళకు ఉత్తరాలు చదివి పెడతాడు, చదివింది ఆ గడపలోనే మరిచిపోతాడట. ఒక ముసలి రైతు చాలాసేపు ఆలోచించి తన ఎద్దు పేరు చెప్పాడు. మనుషుల్లో చెప్పు తాతా అంటే, అయితే ఇంకోనాడు రమ్మన్నాడు.

మాలకొండయ్య అన్నీ రాసుకున్నాడు. ఎద్దు పేరు కూడా రాసుకున్నాడు. కానీ వాకాడు దాటి సముద్రం వైపు నడిచేకొద్దీ ఒకే మాట ఎదురవడం మొదలైంది. ఉప్పు ఎత్తేవాళ్ళు బూబమ్మ అన్నారు. నాట్లేసే ఆడవాళ్ళు బూబమ్మ అన్నారు. పట్టపుపాలెంలో ఎండుచేపలు తిరగేస్తున్న మనిషి తలెత్తకుండానే బూబమ్మ అన్నాడు. ఒకరితో ఒకరు మాట్లాడుకోని కులాలవాళ్ళు, గట్టు తగాదాలున్న ఊళ్ళవాళ్ళు ఒకే పేరు చెప్తుంటే మాలకొండయ్యకు నడక వేగం పెరిగింది.

బూబమ్మ అసలు పేరు హజరాబీ. ఇత్తడి గిన్నెలకు కళాయి పోసే చాంద్ బాషా భార్య. బాషా పోయి పన్నెండేళ్ళు. తూర్పుపాలెం చివర, తాటాకు ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ముప్పై అయిదేళ్ళుగా ఆ చుట్టుపట్ల ఏడెనిమిది ఊళ్ళకు ఆమే మంత్రసాని. పొట్టి మనిషి, పొట్టిగా కత్తిరించుకున్న గోళ్ళు, వక్కాకుతో పండిన నోరు. వానైనా వరదైనా పిలుపొస్తే వెళ్ళేదట. ఒకసారి కాలువ పొంగితే పడవవాడు రానంటే, కట్టెల తెప్ప మీద ఆమే దాటిందని ముగ్గురు మూడు విధాలుగా చెప్పారు.

మాలకొండయ్య వచ్చిన సంగతి విని ఆమె ఆసక్తి చూపలేదు. ఢిల్లీలో కాన్పులు కావా, ఆడ ఉండే మంత్రసానికే ఇవ్వమని చెప్పమంది. అది మంత్రసానికని కాదు, దేశంలో మంచి మనిషికని అతను చెప్పుకొచ్చాడు. అయితే మంచోళ్ళను వెతుక్కోవయ్యా, నాకు చింతవరం పోవాలి, అక్కడ అమ్మాయికి నొప్పులొచ్చేలా ఉన్నాయని సంచి తీసుకుని వెళ్ళిపోయింది. అతనికి ఇంకేమీ అక్కర్లేదనిపించింది. అయిదేళ్ళలో పద్మనాభయ్య గారు ఒక్కసారి కూడా నాకు పనుందని లేచిపోలేదు.

ఇక సాక్షులు. ఊరుకు నూరు మంది పొగిడేవాళ్ళున్నారు, ముగ్గురు దొరకరా అనుకుని, ముందు కరణం దగ్గరికి వెళ్ళాడు. కరణం నలుగురు బిడ్డలూ ఆమె చేతి మీదే పుట్టారు. చెల్లడు. మునసబు స్వయంగా ఆమె చేతి మీద పుట్టాడు. చెల్లడు. టీ అంగడివాడి పెళ్ళాం మూడు రోజులు కష్టపడితే బూబమ్మే గట్టెక్కించింది. ముత్యాలయ్య అనే చేపలవాడికి ఆమెతో పదేళ్ళుగా మాటల్లేవని విని మాలకొండయ్య ఆశగా పరిగెత్తాడు. ముత్యాలయ్య ఆమెను కడుపారా తిట్టి, చివరికి, నోరు చెడ్డదే గానీ నా కూతురి ప్రాణం నిలబెట్టింది ఆమేనయ్యా అన్నాడు. మాలకొండయ్య రాయబోయిన కలాన్ని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

బడి పంతులు ఒంగోలు వైపు వాడు, పెళ్ళి కానివాడు. ఇతను చెల్లి తీరుతాడనుకున్నాడు మాలకొండయ్య. పంతులు నిజాయితీపరుడు, అదే కొంప ముంచింది. ఫారం రెండుసార్లు చదివి, మా బడిలో ఎనభై మంది పిల్లలున్నారు సార్, ఆమె లేకపోతే అందులో సగం మంది ఉండరు, నా ఉద్యోగమూ ఉండదు, ఇది మేలు కాదా అని అడిగాడు. మాలకొండయ్య ఫారం తిరిగి తీసుకున్నాడు. ఆమె మేలు పొందనివాళ్ళు లేకపోలేదు. కాలువ అవతలి లారీ డ్రైవర్లున్నారు, సూళ్ళూరుపేట నుంచి వచ్చే బట్టల వర్తకుడున్నాడు. కానీ వాళ్ళకు ఆమె ఎవరో తెలియదు. ఎరిగినవాడు చెల్లడు, చెల్లేవాడు ఎరగడు.

బుధవారం సాయంత్రం కాలువ గట్టున కూర్చుని మాలకొండయ్య లెక్క సరిచూసుకున్నాడు. దొంగ సాక్షుల్ని ఆపడానికి తను కట్టిన తలుపు దొంగల్ని ఆపిందో లేదో తెలియదు, ఆమెను మాత్రం బయటే నిలబెట్టింది. పద్మనాభయ్య గారికి ఈ తలుపు అడ్డమే కాదు. ఆయన వల్ల మేలు పొందనివాళ్ళు తాలూకా నిండా ఉన్నారు, భోజనం పెడితే వాళ్ళలో ముగ్గురు సంతకం చేస్తారు. ఇంటికి పోయి ఈ మాట ఇందిరమ్మకు చెప్పుకోవడం కంటే కాలువలో దూకడం సుఖమనిపించింది.

గురువారం పొద్దున్నే మళ్ళీ హజరాబీ ఇంటికి వెళ్ళాడు. సిగ్గు విడిచి ఉన్నదున్నట్టు చెప్పాడు. రూలు తనే రాశానని కూడా చెప్పాడు. చివరికి అడిగాడు.

"నీ వల్ల మేలు పొందనోళ్ళు, నిన్ను ఎరిగినోళ్ళు, ఎవురైనా ఉండారా అమ్మా?"

ఆమె చిన్న రోట్లో వక్క దంచుకుంటోంది. దంచడం ఆపేసింది. ఇంతమందిలో ఒక్కరూ ఇవ్వని జవాబు ఆమె దగ్గరుందని మాలకొండయ్యకు అప్పుడే అర్థమైంది.

"ఉండారు," అంది. "మూడిళ్ళు."

ముప్పై అయిదేళ్ళలో ఎన్ని కాన్పులు చేసిందో ఆమెకు గుర్తు లేదు. చేతిలో పోయిన బిడ్డలు మాత్రం పదకొండు మంది, ఏ ఊరో, ఏ ఇల్లో, ఏ నెలో చెప్పగలదు. ఆ పదకొండు ఇళ్ళలో ఎనిమిది ఇళ్ళవాళ్ళు మళ్ళీ పిలిచారు, మళ్ళీ బిడ్డలయ్యారు. మూడిళ్ళవాళ్ళు పిలవలేదు. ఆ ప్రాంతంలో ఒక కట్టుబాటుంది. పురిట్లో బిడ్డ పోతే మంత్రసాని ఆ ఇంటినుంచి చీర తీసుకోదు, బియ్యం తీసుకోదు, ఆ ఇంటివాళ్ళు మళ్ళీ పిలిచేదాకా ఆ గడప తొక్కదు. పిలుపు లేకుండా ఎదురుపడడం కూడా అశుభమంటారు. ఆ మూడు వీధుల్లోనూ ఆమె ఏళ్ళ తరబడి నడవలేదు, చుట్టు తిరిగి పోతుంది.

పోవద్దయ్యా అని ఒకసారి బతిమాలింది. వాళ్ళ కడుపులు మళ్ళీ ఎందుకు కెలకడమంది. మాలకొండయ్య కూడా కాసేపు తటపటాయించాడు. అంతలో ఆమే మనసు మార్చుకుంది.

"పొయ్యేట్టయితే పో. వాళ్ళేమన్నా నాకొచ్చి చెప్పు. తిట్టినా చెప్పు, దాచిపెట్టబాక."

బిరుదు సంగతి ఎత్తగానే సంచి తీసుకుని లేచిపోయిన మనిషి, ఈ మాట అనేటప్పుడు అతని మొహంలోకే చూసింది. తనకు శనివారం ఎంత ముఖ్యమో, ఆమెకు ఈ మూడిళ్ళవాళ్ళ మాట అంతకు పదింతలు ముఖ్యమని మాలకొండయ్య గ్రహించాడు.

మొదటి ఇల్లు పట్టపుపాలెంలో కామమ్మది. పదహారేళ్ళ కిందటి మాట. తర్వాత ఆమెకు కడుపు పండనే లేదు. కామమ్మ వల బాగు చేసుకుంటూ అంతా విని, ఆ బూబమ్మ రెండు దినాలు తన కాళ్ళ దగ్గరే కూర్చుందని, కూడు తినలేదని, బిడ్డ పోయినాక బయటికిపోయి గోడకు తల కొట్టుకుందని చెప్పింది. తనకు ఆమె వల్ల ఒరిగిందేమీ లేదని, అయినా ఆమె కన్నా మంచి మనిషిని చూడలేదని చెప్పి వేలిముద్ర వేసింది. మాలకొండయ్య ఆరో కాలమ్‌లో 'లేదు' అని రాశాడు.

శుక్రవారం పొద్దున రెండో ఇల్లు మగ్దలీనమ్మది. బిడ్డ కడుపులోనే పోయింది. తను కూడా పోతుందనే అందరూ అనుకున్నారట. మంత్రసాని తన చేతులు నమ్ముకోకుండా, పక్క ఊరి పాస్టరు గారి బండి తెప్పించి నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయిందట. ఇక బిడ్డలు పుట్టరని డాక్టరమ్మ చెప్పేసింది. మంత్రసాని తనకు బిడ్డనివ్వలేదు, అది ఆమె చేతిలో లేదు, తను మాత్రం ఇదిగో ఇలా ఉన్నానంది మగ్దలీనమ్మ. ఇది మేలు కిందికి వస్తుందా రాదా అని మాలకొండయ్య ఆమెను అడగలేదు. తనను తాను కూడా అడగకుండా 'లేదు' అని రాసేసుకున్నాడు.

మూడో ఇల్లు వాకాడు దగ్గరి రైతుల ఊళ్ళో వెంకటశేషమ్మది. తొమ్మిదేళ్ళ కిందట ఆమె తొలి కాన్పు. తర్వాత రెండు కాన్పులకూ పుట్టింటికి పోయింది, ఇద్దరు మగపిల్లలు. ఆమె వాకిట్లో ధాన్యం చెరుగుతూ, అతను చెప్పిందంతా వింది. చేటలో చెయ్యి ఆడుతూనే ఉంది. అంతా అయ్యాక ఒకే మాట అంది.

"ఏలిముద్ర నీకెందుకేస్తా. ఆమెనే రమ్మను."

తిట్టడానికో, కొట్టడానికో, ఇంకెందుకో ఆ మొహం చూస్తే తెలియలేదు. మాలకొండయ్య రెండు మైళ్ళు గట్ల మీద తిరిగి నడిచి, హజరాబీకి ఆ మాట చెప్పాడు. ఆమె మొహం పాలిపోయింది. తిట్టడానికే పిలిచిందేమో అంది. అయినా పిలుపు పిలుపే కదయ్యా అని, సంచి లేకుండా, ఒట్టి చేతులతో బయలుదేరింది. ఆ వీధి మొదట్లో ఒకసారి ఆగి కొంగు సవరించుకుంది. ముప్పై అయిదేళ్ళు ఏ గడపలోనైనా వడివడిగా దూరిపోయిన మనిషి అక్కడ అడుగులో అడుగేసింది.

వెంకటశేషమ్మ చెంబుతో మంచినీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టింది. పిల్లలిద్దరినీ దొడ్లోకి పొమ్మంది. మాలకొండయ్య ఫారం మడత విప్పి, మళ్ళీ మడిచాడు.

"నేను పిలవాలని నువ్వు చూసినావు. నువ్వే వస్తావని నేను చూసినా," అంది వెంకటశేషమ్మ. "తొమ్మిదేండ్లు అయిపొయ్యినాయి."

తప్పయిందమ్మా అంది హజరాబీ. వెంకటశేషమ్మ తల అడ్డంగా ఊపింది. తను పిలిచింది తప్పొప్పులకు కాదంది. ఆ రోజు తనకు మెలకువ వచ్చేసరికి అత్త బిడ్డను గుడ్డలో చుట్టి తీసుకుపోయింది. చెప్తే మతి చెడుతుందని తనకేమీ చెప్పనివ్వలేదు. అత్త చనిపోయాక మొగుణ్ణి అడిగితే తను చూడలేదన్నాడు. చూసింది ఈ లోకంలో ఒక్క మనిషే మిగిలింది, ఆ మనిషేమో తన వీధి మొహం చూడదు.

"ఆడబిడ్డా, మగబిడ్డా? నాకు ఎవురూ చెప్పలా."

మాలకొండయ్య పక్కకు తిరిగి గోడకు ఆనించిన నాగలిని చూస్తూ నిలబడ్డాడు. పది రోజులుగా తాలూకా అంతా తిరిగి అతను అడిగిన ప్రశ్నలన్నీ ఈ ఒక్క ప్రశ్న ముందు తేలిపోయాయి.

"ఆడబిడ్డ తల్లీ," అంది హజరాబీ. "తల నిండా జుట్టు. నీ మాదిరే గడ్డం మీద సొట్ట. ఎడమ చెయ్యి మూసుకోనే ఉండింది, తెరవలా. నోట్లో ఊది ఊది చూసినా. చానాసేపు చూసినా. నీకు మెలకువే లేదు, నిన్ను చూడాలా, ఆ బిడ్డను చూడాలా, తెలవలా నాకు."

వెంకటశేషమ్మ చేట పక్కన పెట్టింది. ఎడమ చెయ్యా అని మళ్ళీ అడిగింది. అవునంది హజరాబీ. జుట్టు ఉంగరాలా అని అడిగింది. తడిగా ఉండింది, ఉంగరాల మాదిరే ఉండిందంది. ఇంకా ఏమేమో అడిగింది, ఆమె ఒక్కటీ విసుక్కోకుండా చెప్పింది. తొమ్మిదేళ్ళ కిందట చూసిన బిడ్డను నిన్న చూసినట్టు చెప్పింది. వెంకటశేషమ్మ ఏడ్చింది గానీ, ఏడుస్తూనే అడగడం మానలేదు. మాలకొండయ్య కూడా ఏడ్చాడు. హెడ్ గుమాస్తా కాబట్టి కంట్లో నలుసు పడ్డట్టు కండువాతో ఒత్తుకున్నాడు.

"ఎంతమంది పిల్లలంటే ఇద్దురని చెప్తా వచ్చినా," అంది వెంకటశేషమ్మ చివరికి. "ఇంక ముగ్గురని చెప్తా. పెద్దది ఆడపిల్ల."

ఆ మాట ఫారంలో రాయమంది. రాశాడు. చదివించుకుని వింది. ఆమెకు సంతకం వచ్చు, ఇంకు పెట్టె పక్కకు తోసేసి, ఒక్కొక్క అక్షరం దిద్దినట్టు పేరు రాసింది. ఇక ఆరో కాలమ్ ఒక్కటే మిగిలింది. అడగకుండా 'లేదు' అని రాసేసుకోవచ్చు. గంట కిందట అయితే అది నిజమే. కానీ పొద్దున మగ్దలీనమ్మ దగ్గర అడగకపోవడం అప్పటికే లోపల గుచ్చుకుంటోంది. అడిగాడు. ఈమె వల్ల నువ్వు ఎన్నడైనా మేలు పొందినావా అమ్మా?

వెంకటశేషమ్మ హజరాబీ వైపు చూసింది.

"ఇప్పుడే గదా పొందినా. నువ్వూ చూసినావు."

అయితే ఈ సాక్ష్యం చెల్లదని మాలకొండయ్య చెప్పాల్సి వచ్చింది. ఎందుకు చెల్లదో వివరించబోయి మధ్యలో ఆపేశాడు. ఆ వాకిట్లో నిలబడి ఆ రూలు తాను రాశానని చెప్పడానికి నోరు రాలేదు. పద్మనాభయ్య గారి కోసం అయిదేళ్ళు అబద్ధాలు గడగడా రాసిన చెయ్యి, ఇక్కడ ఒక్క మాట అబద్ధం రాస్తే చాలు, పని అయిపోతుంది. రాయలేకపోయింది. 'పొందినది' అని రాశాడు. తర్వాత పై కాగితం తీసి, మగ్దలీనమ్మ పేరు ఎదురుగా ఉన్న 'లేదు' కొట్టేసి అక్కడా 'పొందినది' అని రాశాడు. చివరికి కామమ్మ కాగితం కూడా తీశాడు. రెండు దినాలు కాళ్ళ దగ్గర కూర్చున్న మనిషి ఆమెకు ఏమీ ఇవ్వలేదనడానికి తనెవరు? అదీ కొట్టేశాడు.

శనివారం మధ్యాహ్నం తహసీల్దారు మూడు కాగితాలూ చూసి, మూడు చోట్లా 'పొందినది' అనే ఉండడం చూసి నవ్వాడు. నీ రూలే కదయ్యా, నీ మనిషినే తీసేసింది అన్నాడు. సొరుగు లాగి పద్మనాభయ్య గారి కాగితం బల్ల మీద పెట్టి సంతకం చెయ్యమన్నాడు. మాలకొండయ్య ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. తప్పు రూలు సార్, నేను రాసిందే, తప్పని నేనే రాస్తానన్నాడు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో తహసీల్దారు ముందు అతను వద్దన్నది అదే మొదలు.

తర్వాత అక్కడే బల్ల పక్కన నిలబడి, హజరాబీ ఫారం అడుగున తన చేతిరాతతో కలెక్టరు గారికి ఇలా రాశాడు: 'ఆరో కాలమ్ ప్రకారం ఈమెకు సాక్షులు లేరు. తాలూకా అంతా వెతికినాను. ఈమెను ఎరిగినవారిలో మేలు పొందనివారు ఒక్కరు దొరికినా ఈమె పేరు పంపకుందును.'

తహసీల్దారు అది చదివాడు. వెనక్కి తిప్పి వెంకటశేషమ్మ వాంగ్మూలం కూడా చదివాడు, చదివినంతసేపూ తలెత్తలేదు. తర్వాత పద్మనాభయ్య గారి కాగితాన్ని మళ్ళీ సొరుగులో పడేసి, ఆఫీసు స్టాంపు ఎక్కడుందని అడిగాడు.